యంత్రానికి మాటలు నేర్పిన అధ్యాపకురాలు – గ్రేస్ హాపర్

కంప్యూటరు విద్య అనగానే మన విద్యార్థులలో రెండు భయాలు తలెత్తడం మేము తరచుగా గమనిస్తున్నాము. మొదటిది గణితం, రెండవది ఇంగ్లీషు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి వచ్చినవారికి ఈ భయం మరింత అధికం. ఆ యంత్రానికి తాము తగమని పరీక్షకు కూర్చోకముందే వారు తీర్పు చెప్పుకుంటారు. మనిషి యంత్రానికి తగినట్లు మారడం కాదు, యంత్రమే మనిషికి తగినట్లు మారాలన్న ఆలోచన వారికి స్ఫురించదు. స్ఫురించకపోవడంలో వింత కూడా లేదు. ఎందుకంటే 1950వ దశకంలో ఆ రంగపు నిపుణులకే అది స్ఫురించలేదు. స్ఫురించిన బహు కొద్దిమందిలో ముఖ్యురాలు గ్రేస్ మరే హాపర్. ఆమె వృత్తిచేత మొదట ఇంజనీరు కారు, నౌకాదళ అధికారి అంతకన్నా కారు. ఆమె ఒక మహిళా కళాశాలలో లెక్కలు చెప్పే పంతులమ్మ. ఈ సంగతి మరువకుండా చదివితేనే ఆమె జీవితం మనకు సరిగా అర్థమవుతుందని మా అభిప్రాయం.

గ్రేస్ 1906 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరంలో జన్మించారు. తండ్రి వాల్టర్ మరే బీమా వ్యాపారి. తల్లి మేరీకి గణితమంటే మక్కువ ఉన్నా, ఆ కాలపు ఆచారం ఆమెను పైచదువులకు పోనీయలేదు. తాతగారు జాన్ వాన్ హోర్న్ నగరంలో సివిల్ ఇంజనీరు. ఆయన వీధులు కొలిచేటప్పుడు ఎరుపు తెలుపు చారల కర్రను పట్టుకుని నిలుచునే భాగ్యం మనుమరాలికి దక్కేది. ఏడేళ్ళ ప్రాయంలో ఆమె ఇంట్లోని అలారం గడియారం ఎట్లా పనిచేస్తుందో చూడాలని విప్పదీసి, తిరిగి బిగించలేక, మరొకటి విప్పి చూసి, ఆ వరుసలో ఏడు గడియారాలను ఊడదీసిందట. తల్లి కోప్పడలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే ప్రయోగాలు చేసుకొమ్మని కట్టడి చేసి ఊరుకున్నది. తండ్రి రక్తనాళాల వ్యాధివల్ల కాళ్ళు పోగొట్టుకున్నవాడు. కొడుకుతోపాటు కుమార్తెలు కూడా స్వశక్తితో బ్రతకగలగాలని, అందరికీ సమానంగా చదువు చెప్పించాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆ కాలానికి అది సామాన్యమైన నిర్ణయం కాదు.

పదహారేళ్ళప్పుడు ఆమె వాసర్ కళాశాల ప్రవేశానికి లాటిను పరీక్ష వ్రాసి తప్పారు. ఒక సంవత్సరం ఆగవలసివచ్చింది. 1924లో చేరి, 1928లో గణిత, భౌతికశాస్త్రాలలో పట్టం పుచ్చుకున్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో ఎం.ఏ., 1934లో గణితంలో డాక్టరేటు సంపాదించారు. 1930లోనే విన్సెంట్ హాపర్ అనే ఆంగ్ల అధ్యాపకునితో వివాహం జరిగింది. ఆ దాంపత్యం 1945లో విడాకులతో ముగిసినా ఆ ఇంటిపేరు మాత్రం ఆమెకు స్థిరపడిపోయింది.

1931లో ఆమె తాను చదివిన వాసర్‌లోనే అధ్యాపకురాలయ్యారు. అక్కడి ఆమె బోధనను గురించి ఒక విషయం చెప్పి తీరాలి. సంభావ్యతా గణితం చెప్పేటప్పుడు ఒక సూత్రాన్ని బోధించి, దానిని గురించి వ్యాసం వ్రాసుకురమ్మని విద్యార్థినులను ఆజ్ఞాపించేవారు. లెక్కల తరగతిలో వ్యాసాలేమిటని పిల్లలు గొణిగేవారు. తెలిసిన గణితాన్ని ఎదుటివారికి తెలిసే మాటలలో చెప్పలేకపోతే ఆ గణితం వృథా అని ఆమె పట్టుపట్టి, ఎర్ర సిరాతో దిద్ది, తిరిగి వ్రాయించేవారు. తరువాతి కాలంలో ఆమె సాధించిన ఘనకార్యాలన్నిటికీ బీజం ఆ ఎర్ర సిరాలోనే ఉన్నదని మేము నమ్ముతాము.

1941 డిసెంబరులో పెరల్ హార్బరుపై బాంబులు పడ్డాయి. గ్రేస్ నౌకాదళంలో చేరగోరారు. వయస్సు మించినదన్నారు. ఎత్తుకు తగిన బరువు లేదన్నారు. గణితాచార్యులు దేశానికి కళాశాలలోనే ఎక్కువ అవసరమన్నారు. ఆమె పట్టు విడువక ప్రత్యేక అనుమతి సంపాదించి, 1943 డిసెంబరులో నౌకాదళపు మహిళా రిజర్వు విభాగంలో చేరారు. తన విద్యార్థినుల వయస్సున్న యువతుల మధ్య శిక్షణ పొంది, 1944లో ప్రథమస్థానంలో ఉత్తీర్ణులై, లెఫ్టినెంటు హోదాతో వెలుపలికి వచ్చారు. ఏదో ఓడ పనిమీద పంపుతారని ఆమె తలచి ఉంటారు. పంపినది హార్వర్డు విశ్వవిద్యాలయానికి. అక్కడ హోవర్డ్ ఐకెన్ అనే కఠిన క్రమశిక్షణాపరుని అజమాయిషీలో మార్క్-1 అనే మహాయంత్రం నడుస్తున్నది.

ఆ యంత్రాన్ని నేటి విద్యార్థి ఊహించుకోవడం కష్టం. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు దాదాపు 5 టన్నులు. లోపల ఏడున్నర లక్షల భాగాలు, 500 మైళ్ళకు మించిన తీగ. ఇంత ఆర్భాటం చేసి అది సెకనుకు మూడు కూడికలు చేసేది. ఒక గుణకారానికి దాదాపు 6 సెకన్లు పట్టేది. ఆజ్ఞలను కాగితపు పట్టీమీద రంధ్రాలుగా పొడిచి ఇవ్వాలి. మన జేబులోని ఫోనుకు ఆపరేటింగ్ సిస్టమ్ అనే అంతర్యామి ఒకటి ఉండి, ఏ పని ముందు, ఏ పని వెనుక, ఏ సమాచారం ఎక్కడ దాచాలి అని తానే చూసుకుంటుంది. మార్క్-1కు అట్టిదేమీ లేదు. ఆ కార్యనిర్వహణ సమస్తం మనుషులే చేయాలి. రాత్రింబగళ్ళు ఒకరు కాపలా ఉండి పట్టీలు మార్చాలి, ఆగిపోతే కారణం వెదకాలి. యుద్ధకాలపు లెక్కలు అనేకం అందులో జరిగాయి. వాటిలో అణ్వస్త్ర నిర్మాణానికి సంబంధించినది కూడా ఒకటి ఉన్నదన్న సంగతిని దాచడం ధర్మం కాదు. ఆ లెక్కను 1944లో జాన్ వాన్ నాయ్‌మన్ తీసుకువచ్చాడు.

ఐకెన్ ఆమెకు మరొక పని కూడా అప్పగించాడు. యంత్రాన్ని ఎట్లా నడపాలో వివరిస్తూ గ్రంథం వ్రాయమన్నాడు. తానెన్నడూ గ్రంథం వ్రాయలేదని ఆమె తప్పించుకోజూసినా ఆయన వినలేదు. అది 1946లో 561 పుటలతో వెలువడింది. కంప్యూటరుకు వెలువడిన తొలి కరదీపికలలో అది ఒకటి. యంత్రాలను గురించి స్పష్టంగా వ్రాసేవారికి నేటి సాఫ్ట్‌వేర్ సంస్థలలో ప్రత్యేకంగా ఉద్యోగాలున్నాయి. భాషాశాస్త్రాలు, సాహిత్యం చదివే మన విద్యార్థులు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. కంప్యూటరులోని లోపానికి పురుగు అనే అర్థం గల బగ్ అనే పేరు హాపర్ పెట్టారని పలుచోట్ల వ్రాస్తుంటారు. 1947 సెప్టెంబరు 9న మార్క్-2 యంత్రపు రిలేలో రెక్కల పురుగు చిక్కుకుని యంత్రం ఆగినమాట, దానిని తీసి పని పుస్తకంలో అంటించినమాట వాస్తవం. అయితే ఆ పేరు ఎడిసన్ కాలంనుండే ఇంజనీర్ల వాడుకలో ఉన్నది. ఆ పుటలోని చేవ్రాత కూడా ఆమెది కాదని చరిత్రకారులు చెబుతారు. ఆమె ఆ కథను ముచ్చటగా చెప్పి ప్రచారంలోకి తెచ్చారు, అంతే. నిజమైన కీర్తి పుష్కలంగా ఉన్నవారికి లేని కీర్తి అంటగట్టనక్కరలేదు.

మార్క్-1 వద్ద పనిచేసేవారు తరచుగా కావలసిన లెక్కల క్రమాలను నోటుపుస్తకాలలో వ్రాసి దాచుకునేవారు. ఒకరికి సైన్ విలువ కట్టే క్రమం కావలసివస్తే మరొకరి పుస్తకంనుండి ఎత్తి వ్రాసుకునేవారు. ఎత్తి వ్రాయడంలో అంకెలు తారుమారయ్యేవి. కొత్త ప్రోగ్రాములో వాటి చోటు మారుతుంది గనుక ప్రతి చిరునామాకూ కొంత కలపాలి, ఆ కూడికలో కూడా తప్పులు దొర్లేవి. లోకంలోకెల్లా వేగంగా కూడే యంత్రాన్ని ఎదుట పెట్టుకుని మనుషులు చేత్తో కూడి తప్పులు చేయడం ఆమెకు విడ్డూరంగా తోచింది. ఎత్తి వ్రాయడం, కూడడం అనే రెండు పనులూ యంత్రానికే తగినవి కదా!

యుద్ధం ముగిశాక ఆమెను నౌకాదళపు శాశ్వత కొలువులోకి తీసుకోలేదు, వయస్సు అడ్డమైంది. వాసర్ తిరిగి రమ్మన్నా ఆమె పోలేదు. హార్వర్డులో పరిశోధక పదవి కాలం తీరగా అక్కడ స్త్రీకి స్థిరమైన స్థానం దొరకలేదు. ఆ సంవత్సరాలలో ఆమె ఒంటరితనానికి, పని ఒత్తిడికి లోబడి మద్యపానానికి అలవాటు పడ్డారని జీవితచరిత్రకారులు వ్రాశారు. మిత్రులు చేయి విడువలేదు. మహనీయుల జీవితాలలో ఇట్టి ఘట్టాలను కప్పిపుచ్చడం మాకు నచ్చదు. ఆమె పేరు నిలబెట్టిన ఆవిష్కరణ ఆ గడ్డుకాలం వెన్నంటే వచ్చింది.

1949లో ఆమె ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్–మాక్లీ కంప్యూటరు సంస్థలో చేరారు. మరుసటి ఏడు రెమింగ్టన్ ర్యాండ్ సంస్థ దానిని కొనివేసింది. అక్కడ మొదట ఎదురైన యంత్రం బైనాక్. దానికి ఆజ్ఞలు ఎనిమిది మూలంగా గల అంకెలలో వ్రాయాలి. అంటే ఏడు తరువాత వచ్చేది పది అన్నమాట. ఆమె ఆ లెక్కకు ఎంతగా అలవాటు పడ్డారంటే, తన బ్యాంకు ఖాతా నెలల తరబడి సరిపోలలేదు. చివరకు బ్యాంకులో పనిచేసే తమ్ముడు పుస్తకం పరిశీలించి, అక్కగారు కొన్నిచోట్ల ఎనిమిది మూలంలో తీసివేతలు చేశారని కనిపెట్టాడు. నవ్వు పుట్టించే ఈ సంఘటనలో ఒక హెచ్చరిక ఉన్నది. యంత్రపు అలవాటుకు లోబడితే మనిషి తన అలవాటును పోగొట్టుకుంటాడు. గణితంలో డాక్టరేటు గల మనిషికే అట్లా జరిగితే దుకాణపు లెక్కలు వ్రాసేవాని గతి ఏమిటి?

తరువాత వచ్చిన యూనివాక్ యంత్రంపై ఆమె 1951 చివరలో ఆరంభించి 1952 మే నాటికి ముగించిన పని ఏ-0 అనే కంపైలరు. అంతవరకు పరీక్షించి నమ్మదగినవని తేల్చుకున్న లెక్కల క్రమాలన్నిటినీ ఒక అయస్కాంతపు టేపుపైకి ఎక్కించి, ఒక్కొక్క దానికి పిలుపు సంఖ్య ఇచ్చారు. ప్రోగ్రాము వ్రాసేవాడు ఆ సంఖ్యలను వరుసగా వ్రాసి ఇస్తే చాలు. యంత్రమే టేపును వెదకి, ఆ క్రమాలను తెచ్చి, చిరునామాలు సవరించి, ఒకదానితో ఒకటి అతికించి పూర్తి ప్రోగ్రాము తయారుచేస్తుంది.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. యూనివాక్ జ్ఞాపకశక్తి 1,000 పదాలు మాత్రమే గనుక ప్రోగ్రామును ఒక్కసారే, మొదటినుండి చివరకు, కట్టుకుంటూ పోవాలి. మధ్యలో ఎక్కడో ముందుకు గెంతమని ఆజ్ఞ వస్తే, ఆ గెంతవలసిన చోటు ఇంకా నిర్ణయం కాలేదే! అప్పుడు ఆమెకు కళాశాల రోజులలో ఆడిన బాస్కెట్‌బాల్ జ్ఞాపకం వచ్చింది. నాటి స్త్రీల ఆటలో బంతితో దూరం పరుగెత్తరాదు. తోటి క్రీడాకారిణికి అందించి, తాను ముందుకు పరుగెత్తి, తిరిగి అందుకోవాలి. ఆమె కూడా జ్ఞాపకశక్తి చివర కొంత తటస్థమైన చోటు కేటాయించి, గెంతును మొదట అక్కడికి పంపారు. అసలు చోటు తెలిసినప్పుడు అక్కడినుండి ఇక్కడికి రమ్మని కబురు వ్రాసి ఉంచారు. ఆటస్థలంలో గడిపిన కాలం వ్యర్థమనే తల్లిదండ్రులకు మేము ఈ ఉదాహరణ వినమ్రంగా సమర్పిస్తున్నాము.

నేటి పరిభాషలో చూస్తే ఏ-0 చేసినది సంపూర్ణమైన కంపైలరు పనికన్నా అతికించి, జ్ఞాపకశక్తిలోకి ఎక్కించే పనికి దగ్గర. ఈనాడు విండోస్ గాని, లినక్స్ గాని, ఆండ్రాయిడ్ గాని ఒక ప్రోగ్రామును తెరవగానే చేసే మొదటి పనులలో అది ఒకటి. అందరికీ ఉమ్మడిగా దాచిన గ్రంథాలయంనుండి అవసరమైన క్రమాలను తెచ్చి, ఆ ప్రోగ్రాముకు జోడించి, చిరునామాలు సరిచేయడం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త సదుపాయం వచ్చినదని మనం వినే వార్తలలో అనేకం నిజానికి ఆ ఉమ్మడి గ్రంథాలయంలో కొత్త క్రమాలు చేరినవన్న వార్తలే.

కంపైలరు తయారైనా దానిని ముట్టుకోవడానికి చాలాకాలం ఎవరూ సాహసించలేదు. కంప్యూటరు లెక్కలు చేయగలదే గాని ప్రోగ్రాములు వ్రాయలేదని పెద్దలు ఆమెకు నచ్చజెప్పారు. ఎదుట పనిచేస్తున్న దానిని చూపినా నమ్మనివారికి ఏమి చెప్పగలం? ప్రోగ్రాము వ్రాయడం తమకు మాత్రమే తెలిసిన విద్య అనుకునేవారికి, ఆ విద్య అందరి పరం కావడం రుచించలేదన్నది కూడా ఒక కారణం.

ఆమె అంతటితో ఆగక మరొక మెట్టు ఎక్కారు. వ్యాపార సంస్థలలో సరకుల లెక్కలు, జీతాల పట్టీలు చూసేవారికి గణిత చిహ్నాలు పట్టవు, మాటలు పడతాయి. గనుక ఆజ్ఞలు మామూలు ఇంగ్లీషు మాటలలో ఉండాలని ప్రతిపాదించారు. కంప్యూటరుకు ఇంగ్లీషు రాదన్నారు యాజమాన్యంవారు. 1950వ దశకం నడుమ ఆమె బృందం ఒక చిన్న నమూనా తయారుచేసి, అది ఇంగ్లీషు ఆజ్ఞలతో పనిచేయడం చూపింది. అంతటితో ఊరుకోక, అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతో, పిమ్మట జర్మను మాటలతో కూడా నడిపించింది. ఫలితం తలక్రిందులైంది. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికా యంత్రానికి ఫ్రెంచి, జర్మను ఎట్లా అర్థమవుతాయని అధికారులు కంగారుపడ్డారు. చివరకు ఇంగ్లీషు తప్ప మరొకటి వాడమని మాట ఇస్తేగాని పని ముందుకు సాగలేదట.

ఈ ఘట్టాన్ని మన విద్యార్థులు రెండుసార్లు చదవాలని మా కోరిక. యంత్రానికి ఇంగ్లీషు కూడా మాతృభాష కాదు. ఏ భాషలోని మాట అయినా దానికి కొన్ని గుర్తుల వరుస మాత్రమే. ఇంగ్లీషు అక్కడ పీట వేసుకుని కూర్చున్నది శాస్త్రం ఆజ్ఞాపించినందువల్ల కాదు, ఒక కార్యాలయంలో కొందరికి కలిగిన కంగారు కూడా అందుకు తోడ్పడింది. ఆ పీట కొంచెం జరగడానికి చాలాకాలం పట్టింది. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం తొలి కూర్పు 1991 అక్టోబరులో వెలువడినప్పుడు అందులో తెలుగు లిపికీ, ఉర్దూకు ఆధారమైన అరబ్బీ లిపికీ చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఖతి జతగా వచ్చింది. ఉర్దూవారు ప్రాణప్రదంగా భావించే నస్తలీఖ్ వ్రాతకు విండోస్‌తోపాటే ఒక ఖతి రావడం 2012లో విడుదలైన విండోస్ 8 వరకు జరగలేదు. ఏటవాలుగా ఒకదానిపైనుండి ఒకటి జారే ఆ అక్షరాలను యంత్రానికి నేర్పడం ఇంగ్లీషు అక్షరాలను వరుసగా పేర్చినంత సులువు కాదు. మన ఒత్తులు, గుణింతాలు కూడా అట్టివే. ఈ పని చేయడానికి ఇంజనీరు ఒక్కడు చాలడు. ఆ లిపిని పుట్టుకతో ఎరిగినవాడు పక్కన ఉండాలి. మన మాతృభాష ఈ రంగంలో ఉద్యోగానికి అడ్డంకి అనుకునేవారు దానిని అర్హతగా లెక్కించే పనులు కూడా ఉన్నవని తెలుసుకోవాలి.

ఆ నమూనానుండి ఫ్లో-మాటిక్ అనే భాష పుట్టింది. 1959 మే నెలలో అమెరికా రక్షణశాఖ కార్యాలయమైన పెంటగన్‌లో తయారీదారులు, వినియోగదారులు సమావేశమై, అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఒక వ్యాపార భాష కావాలని తీర్మానించారు. అట్లా ఏర్పడినది కోబాల్. హాపర్‌ను కోబాల్ జనని అని పిలవడం పరిపాటి. నిజానికి దానిని రూపొందించినది ఒక కమిటీ, జీన్ సామెట్ వంటి మేధావులు అందులో పనిచేశారు. హాపర్ సలహాదారు మాత్రమే. కాని ఆ కమిటీ ఎదుట ఉన్న నమూనాలలో ప్రధానమైనది ఫ్లో-మాటిక్ గనుక ఆ బిరుదు పూర్తిగా అన్యాయం కూడా కాదు. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రాము రెండు వేర్వేరు సంస్థలు తయారుచేసిన యూనివాక్-2, ఆర్‌సీఏ 501 యంత్రాలపై నడిచి చూపింది. అంతకుముందు యంత్రం మారితే ప్రోగ్రాము మొదటినుండి వ్రాసుకోవలసిందే.

1966 చివర ఆమెను కమాండరు హోదాతో నౌకాదళపు రిజర్వునుండి విరమింపజేశారు. అది తన జీవితంలో అత్యంత విషాదకరమైన దినమని ఆమె బాధపడ్డారు. ఏడు నెలలు గడిచాయో లేదో, 1967 ఆగస్టులో నౌకాదళమే తిరిగి పిలిచింది. అక్కడి కోబాల్ ఒక్కొక్క యంత్రంపై ఒక్కొక్క యాసలో మాట్లాడసాగింది, దానిని చక్కదిద్దమన్నారు. పిలిచినది ఆరు నెలలకు, ఆమె ఉన్నది 19 సంవత్సరాలు! కంపైలరు ప్రమాణానికి కట్టుబడి ఉన్నదో లేదో తేల్చే పరీక్షా ప్రోగ్రాములను ఆమె బృందం తయారుచేసింది. ఇతరులు చేసిన దానిని పరీక్షించి నిగ్గుతేల్చడమే వృత్తిగా గల ఉద్యోగులు నేడు ప్రతి సాఫ్ట్‌వేర్ సంస్థలోనూ ఉన్నారు. 1973లో కెప్టెన్, 1983లో కమోడోర్ అయ్యారు. 1985లో ఆ హోదా పేరే రియర్ అడ్మిరల్‌గా మారింది.

ఆ సంవత్సరాలలో ఆమె దేశమంతటా తిరిగి కళాశాలలలో ఉపన్యసించేవారు. సంచిలో అడుగుకు కొంచెం తక్కువ పొడవున్న తీగముక్కలు వేసుకుని వెళ్ళి సభికులకు పంచేవారు. కాంతి ఒక నానోసెకనులో, అనగా సెకనులో వందకోట్లవ వంతులో, ప్రయాణించగల గరిష్ఠ దూరం అంత. ఉపగ్రహం ద్వారా పంపిన వార్త ఆలస్యం ఎందుకు అవుతుందో, కంప్యూటర్లు వేగవంతం కావాలంటే చిన్నవి ఎందుకు కావాలో, ఆ ముక్క చేతబట్టుకున్న పిల్లవానికి ఇక చెప్పనక్కరలేదు. సెకనులో పదిలక్షల వంతుకు సరిపోయే తీగను చుట్టగా చుట్టి తెచ్చేవారు. దాని పొడవు దాదాపు 984 అడుగులు. ఆమె గదిలో ముల్లు ఎడమకు తిరిగే గడియారం ఒకటి ఉండేది. ఎప్పటినుండో ఇట్లాగే చేస్తున్నామని చెప్పేవారికి అది ఆమె సమాధానం.

తాను కనిపెట్టిన వాటికన్నా తాను శిక్షణ ఇచ్చిన యువతీయువకులే తన ప్రధాన కృషి అని ఆమె భావించారు. అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘం 1971లో ఆమె పేర నెలకొల్పిన బహుమానం పిన్నవయస్కులకు మాత్రమే ఇస్తారు. మొదటిసారి అందుకున్నవారు డొనాల్డ్ క్నూత్. 1969లో మరొక సంఘం కంప్యూటరు శాస్త్రంలో ఆ ఏటి మేటి పురుషుడు అనే బిరుదును తొలిసారిగా ఈ స్త్రీకే ఇచ్చి తన అజాగ్రత్తను చాటుకున్నది.

1986 ఆగస్టు 14న బోస్టన్ రేవులో, ఆ నౌకాదళపు అతి ప్రాచీనమైన ఓడ కాన్‌స్టిట్యూషన్‌పై ఆమె పదవీ విరమణ జరిగింది. అప్పటికి ఆమె వయస్సు 79. క్రియాశీల సేవలో ఉన్న అధికారులలో అందరికన్నా పెద్దవారు ఆమే. ఇంట కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థలో సలహాదారుగా చేరి, తిరిగి తీగముక్కలు పట్టుకుని కళాశాలల బాట పట్టారు. 1991లో అమెరికా ప్రభుత్వం ఆమెకు సాంకేతిక విజ్ఞానపు జాతీయ పతకం ప్రదానం చేసింది. 1992 జనవరి 1వ తేదీన, 85వ ఏట, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో కన్నుమూశారు. అక్కడి జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. సముద్రయానపు కొలువు ఎన్నడూ చేయని ఆ అధ్యాపకురాలి పేరుగల యుద్ధనౌక 1997లో నౌకాదళంలో చేరింది.